గడప బయట నిలబడి చేసిన ప్రార్థన

నర్సింగు చదువుతున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వాళ్లలో మా చర్చి పిల్లలు కాస్త చనువు దొరగ్గానే అడిగే మాట ఒకటుంది. “అమ్మగారూ, డ్యూటీలో ఉండగా రోగి పక్కన ప్రార్థన చెయ్యొచ్చా? చేస్తే ఉపయోగం ఉంటుందా?”

చెయ్యొచ్చా అన్నదానికి జవాబు తేలికే. రోగి అడిగితే పైకి చెయ్యండి, అడగకపోతే మనసులో చేసుకోండి, ఎలా చేసినా ముందు చేతులు కడుక్కోండి. ఉపయోగం ఉంటుందా అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నేను కళ్లారా చూసింది ఉంది. అది చెప్తాను. నా బదిలీలు, ప్రమోషన్లు ఇక్కడ రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

ఉప్పల్ దవాఖానా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా ఆయనకు సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగం వచ్చింది. గుంటూరు జిల్లా నుంచి సామాన్లు కట్టుకుని వచ్చి నాచారంలో పెంకుటింట్లో కాపురం పెట్టాం. నాకు ఉప్పల్లో చిన్న దవాఖానాలో నర్సు పని దొరికింది. రెండు గదులు, ఒక వరండా. నాచారం నుంచి పొలాల గట్ల మీదుగా, ద్రాక్షతోటల పక్కనుంచి నడిచి వెళ్లేదాన్ని. ఇప్పుడు బస్సులు తిరిగే ఆ దారిలో అప్పుడు ఎడ్లబళ్లు, రాళ్లు కొట్టడానికి పోయే కూలీలు తప్ప ఎవరూ కనిపించేవాళ్లు కాదు.

మొదటిరోజే నవ్వులపాలయ్యాను. ఒక ముసలమ్మ వచ్చి “పానం మంచిగ లేదు నర్సమ్మా” అంది. నేను “ఏం తాగావమ్మా?” అని అడిగాను. వరండా అంతా ఒకటే నవ్వు. పానమంటే ప్రాణమనీ, ఒంట్లో బాగాలేదని చెప్పడమనీ ఆ తరవాత తెలిసింది.

డాక్టరు నరహరిగారు హైదరాబాదు మనిషి. మాట కటువు. రోగులను తిట్టేవారు, నన్నూ తిట్టేవారు. కానీ గుండెమీద స్టెతస్కోపు పెట్టాక తొందరపడగా నేనెప్పుడూ చూడలేదు. దేవుడంటే ఆయనకు నమ్మకం లేదు. మందుల బీరువా తెరిచేముందు నేను ఒక్క క్షణం కళ్లు మూసుకోవడం చూసి, “సిస్టర్, నిద్రొస్తే ఇంటికి పో” అనేవారు. అలాంటి పై అధికారి దొరికితే భయపడకండి. మంచిమాటలు చెబుతూ రోగిని సరిగా చూడని డాక్టర్ల దగ్గర కూడా తరవాత పనిచేశాను. వాళ్లతోనే నాకు కష్టమైంది.

కొత్త జెరం

ఆ వేసవిలో కొత్త ఫ్లూ వచ్చింది. తూర్పు దేశాల్లో మొదలై ఓడ మీద మద్రాసు చేరిందని, ప్రపంచమంతా తిరుగుతోందని పేపర్లో రాశారు. మా దగ్గర దాన్ని “కొత్త జెరం” అన్నారు. పొద్దున మామూలుగా పనికి వెళ్లిన మనిషి సాయంత్రానికి ఒళ్లు కాలిపోతూ పడిపోయేవాడు. మరునాటికి ఇల్లంతా మంచాన పడేది. మా దగ్గర ఉన్నవి జ్వరం గోలీలు, దగ్గు మిక్చరు, కొద్దిగా పెన్సిలిన్. మిక్చరు కోసం జనం ఇంటినుంచి సీసాలు తెచ్చుకుని వరండాలో బారుగా కూర్చునేవాళ్లు.

నాచారంలో మాకొక ప్రార్థన మందిరం ఉండేది. మట్టిగోడలు, పైన పెంకులు. తోటల్లో, బండలు కొట్టేచోట పనిచేసే కుటుంబాలే సంఘమంతా. పాస్టరు దావీదయ్యగారు యాభై దాటిన మనిషి, మెదక్ వైపు నుంచి వచ్చారు. ఆయన భార్య మార్తమ్మగారు. పిల్లలు లేరు. మేం ఆ ఊళ్లో దిగిన రోజు పొయ్యి వెలిగించక ముందే మాకు అన్నం పంపిన ఇల్లు వాళ్లది.

జబ్బు పెరిగేసరికి అయ్యగారు ఉపవాస ప్రార్థనలని చాటించారు. అందరూ పొద్దున్నే మందిరానికి వచ్చి సాయంత్రం దాకా ఉండాలని, జబ్బుపడ్డవాళ్లను కూడా తీసుకురావాలని. ఆ కబురు నరహరిగారి చెవిన పడింది.

“సిస్టర్, మీ పాస్టరుకు జెప్పు. ఆ గుడికి తాళం వెయ్యమను. లేకుంటే నేనే వచ్చి వేస్త.”

“ప్రార్థన ఆపమని నేనెలా చెప్తానండీ?”

“ప్రార్థన ఆపమంటలేను. మందిని ఆపమంటున్న. గంత చిన్న ఇంట్ల గంత మంది దగ్గుకుంట కూసుంటే ఏమైతది? నువ్వు నర్సువు గద, నువ్వే జెప్పు.”

ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. అయినా పుట్టినప్పటినుంచీ కష్టమొస్తే మందిరానికి పరుగెత్తడమే తెలిసినదాన్ని, దాని తలుపు మూయమని చెప్పడానికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను.

వెళ్లేసరికి అయ్యగారు మందిరంలో ఈతచాపలు పరుస్తున్నారు. డాక్టరు మాట చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. చాప అంచు సర్దుతూనే అన్నారు.

“బిడ్డా, మంది భయపడుతున్రు. భయపడ్డోళ్లు వస్తమంటుంటే, రావద్దని ఎట్ల జెప్పాలె? నా నోరు ఎట్లొస్తది?”

“ఒక ఇంట్లో ఒకరు దగ్గితే మర్నాటికి అందరూ పడుతున్నారు అయ్యగారూ. నేను రోజూ చూస్తున్నాను. ఇక్కడికి ఒకళ్లు తెచ్చిన జబ్బు సాయంత్రానికి అన్ని ఇళ్లకూ పోతుంది.”

ఆయన చాప మీద కూర్చుండిపోయారు. గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్న మార్తమ్మగారు చేట పక్కన పెట్టి లోపలికి వచ్చారు.

“పానం బాగలేనోళ్లను గింత దూరం నడిపిచ్చుడేంది? వాళ్లు మీ కాడికి వచ్చుడు దేనికి? మీరే వాళ్ల కాడికి పోరాదు?” అంటూ ఒక కొసనుంచి చాప చుట్టడం మొదలుపెట్టారు. అయ్యగారు లేచి రెండో కొస పట్టుకున్నారు.

సందుల్లో

మర్నాటి నుంచి ఆయన ఇల్లిల్లూ తిరిగారు. ముక్కూ నోరూ మూస్తూ తువ్వాలు కట్టుకునేవారు. గడప తొక్కకుండా వాకిట్లోనే నిలబడి కేకేసేవారు. “ఇంట్ల ఎవరెవరు పండుకున్నరు? పేర్లు జెప్పున్రి.” లోపలినుంచి పేర్లు చెప్పేవాళ్లు. ఒక్కొక్క పేరే పలుకుతూ, లోపల పడుకున్నవాళ్లకు వినపడేంత గట్టిగా ప్రార్థన చేసేవారు. తగ్గిపోతుందని ఎవరికీ మాట ఇవ్వలేదు. “తండ్రీ, ఈమె ఒక్కతి గాదు, నువ్వున్నవు, మేమున్నం” అనేవారు. ఒకావిడ “ప్రార్థన జేసిన్రు గద అయ్యా, ఇగ గోలీలెందుకు?” అంటే, “గోలీ గూడ అడిగితేనే వచ్చింది బిడ్డా, మింగు” అన్నారు.

మొదట మా సంఘం ఇళ్లకే వెళ్లారు. ఒకరోజు మధ్యలో ఒక ఇల్లు దాటి పోతుంటే పోశమ్మ అనే ఆవిడ గుమ్మంలోంచి పిలిచింది. వాళ్లు మా మతంవాళ్లు కాదు. కొడుకు మల్లయ్య బండలు కొడతాడు, కోడలు లచ్చమ్మ ద్రాక్షతోటలో పనిచేస్తుంది. కోడలు కడుపుతో ఉంది.

“ఓ అయ్యా, మా ఇల్లు ఇడిసిపెట్టి పోతవేంది?”

“మీకు ఇష్టముంటదో ఉండదో అని పోతున్న పోశమ్మా.”

“అందరి పేర్లు జెప్పి అడుగుతున్నవు గద. మా కోడలి పేరు గూడ జెప్పు. అడిగితే నీ నోరేం అరుగుతది?”

ఆ రోజు నుంచి ఆ సందులో ఏ ఇల్లూ దాటలేదాయన. వద్దన్నవాళ్లూ ఉన్నారు. ఒకాయన తన వాకిట్లో నిలబడొద్దని గట్టిగానే చెప్పాడు. అయ్యగారు దండంపెట్టి వచ్చేశారు. కానీ “ఆ ఇంట్ల దగ్గు మస్తు ఇనవడుతుంది బిడ్డా, జర సూడు” అని నాకు చెప్పారు. వెళ్లి చూశాను. ఆయన చెప్పినందుకే ఆ ఇంటికి మందు చేరింది.

కొన్నాళ్లకు నరహరిగారు పొద్దున రాగానే “మీ పాస్టరు ఏమంటున్నడు? ఇయ్యాల ఎటు పోదాం?” అని అడగడం మొదలుపెట్టారు. నేను నవ్వితే, “నవ్వకు. సంచి సర్దు” అనేవారు.

లచ్చమ్మ

ఒక పొద్దున పోశమ్మ ఇంటిముందు అయ్యగారు ఎంత పిలిచినా జవాబు లేదు. గడప దాటనని నాకు మాట ఇచ్చిన మనిషి, కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయారు. అత్త గోడవారన పడి ఉంది. మల్లయ్య జ్వరంలో ఏదేదో మాట్లాడుతున్నాడు. లచ్చమ్మ ఊపిరి బయటికే వినిపిస్తోందట. అయ్యగారు ముగ్గురికీ నీళ్లు పట్టి, మార్తమ్మగారిని నా కోసం పంపారు. నేనూ డాక్టరుగారూ వెళ్లేసరికి మార్తమ్మగారు మాకంటే ముందే తిరిగొచ్చి, లచ్చమ్మ తల ఒడిలో పెట్టుకుని తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తున్నారు.

నరహరిగారు లచ్చమ్మ వీపుమీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. రెండువైపులా నెమ్ము చేరింది. పట్నం తీసుకుపోదామంటే అంత దూరం ఎడ్లబండి కుదుపులకు తట్టుకోదు. “ఈడనే చూద్దాం” అన్నారు. సైకిలు మీద పట్నం వెళ్లి తెలిసినవాళ్ల దగ్గర పెన్సిలిన్ పట్టుకొచ్చారు. సూదులు నేను వేశాను. మిగతా పనంతా మార్తమ్మగారిది. గంజి పట్టడం, దిండెత్తు చేసి కూర్చోబెట్టడం, దుప్పట్లు ఉతకడం. వద్దన్నా వినలేదు.

రెండోరోజు పోశమ్మ కాస్త తేరుకుని నా చెయ్యి పట్టుకుంది. “బతుకుతదని జెప్పు నర్సమ్మా. మీ దేవుని మీద ఒట్టేసి జెప్పు.”

చెప్పాలనే ఉంది. చెప్తే ఆమెకు ఆ పూట నిద్రపట్టేది. మార్తమ్మగారు నావైపు చూసి తనే అందుకున్నారు. “ఒట్టెయ్యనీకి మా చేతుల ఏముందక్కా? నేనైతే ఈడనే ఉంట. నువ్వు జర పండుకో.”

పిల్లలూ, నేను మీకు చెప్పదలుచుకున్నవాటిలో ఇది ముఖ్యం. బాగవుతుందని దేవుడి పేరు పెట్టి ఎవరికీ మాట ఇవ్వకండి. ఇక్కడే ఉంటానని చెప్పండి. చెప్పాక ఉండండి. ఆ తరవాత ఎన్నో మంచాల పక్కన నేను ఆ మాటే వాడుకున్నాను.

లచ్చమ్మ జ్వరం మెల్లగా దిగింది. బిడ్డ కూడా లోపల కదులుతోందని చెయ్యివేసి చూసుకున్నాను. అత్తా కొడుకూ లేచి తిరిగారు. మార్తమ్మగారు ఇంటికి వెళ్లి పడుకున్నారు. మళ్లీ లేవలేకపోయారు.

మార్తమ్మగారు

నరహరిగారు పొద్దునా సాయంత్రం వచ్చి చూసేవారు. లచ్చమ్మకు వాడిన మందే వాడాం. అదే మోతాదు, అవే చేతులు. సంఘమంతా ఎవరి ఇంట్లో వాళ్లు మోకరించి అడిగారు. సందులో ఏ ఇంటికి వెళ్లినా ముందు మార్తమ్మగారి సంగతే అడిగేవాళ్లు. మల్లయ్య ఇంకా నీరసంగానే ఉన్నాడు. అయినా వచ్చి అయ్యగారి వాకిట్లో వేపచెట్టు పక్కన నిలబడ్డాడు. ఇంటికి పొమ్మన్నాను.

“మీ ప్రార్థన నాకు రాదు నర్సమ్మా. ఉత్తగ నిలబడ్త” అన్నాడు.

మార్తమ్మగారికి తెలివి ఉన్నంతసేపూ అయ్యగారితో ఒకటే చెప్పారు, తనను చూడటానికొచ్చేవాళ్లను లోపలికి రానివ్వొద్దని. ఆయన తలూపుతూ, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం నరహరిగారు స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నారు. బయటికి వెళ్తారనుకున్నాను. వెళ్లలేదు. నావైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. “సిస్టర్, నాతోటి అయ్యేది అయిపోయింది. మీ దాంట్ల ఏమన్న ఉంటే జెయ్యి.”

చేశాను. ఏం అన్నానో ఇప్పుడు గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఆయన చేతులు కట్టుకుని, తలవంచుకుని నిలబడే ఉన్నారు. మార్తమ్మగారు ఇంకాసేపటికి వెళ్లిపోయారు. నరహరిగారు ఆ తరవాత కూడా దేవుణ్ణి నమ్మలేదు. నేనూ ఆ సంగతి ఆయన దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఒక మనిషి నిస్సహాయంగా ఉన్నప్పుడు వంచిన తలను మన లెక్కలో వేసుకోకూడదు.

మాట రాని రోజులు

సమాధి దగ్గర కొద్దిమందే ఉన్నాం. సంఘపెద్ద ప్రార్థన చేశాడు. అయ్యగారు నోరు తెరవలేదు. దుఃఖం వల్లేమో అనుకున్నాం. కానీ జబ్బు తగ్గుముఖం పట్టి మందిరం తలుపు మళ్లీ తెరిచాక కూడా అంతే. వాక్యం చదివేవారు, పాట ఎత్తుకునేవారు, ప్రార్థన దగ్గరకొచ్చేసరికి పెద్దకు సైగ చేసేవారు. అయ్యగారి విశ్వాసం పోయిందని కొందరు గుసగుసలాడారు.

ఇళ్లకు తిరగడం కూడా మానేశారు. అప్పుడు నరహరిగారే వాళ్లింటికి వెళ్లారు. నేను వెంట ఉన్నాను. ఓదార్పు మాటలేవీ చెప్పలేదాయన. “నువ్వు తిరుగుతలేవు, ఏ ఇంట్ల ఎవరున్నరో నాకు తెలుస్తలేదు. ఇంక కొందరు పండుకునే ఉన్నరు. రేపటిసంది రా” అన్నారు. అంత మొరటుగా మాట్లాడతారా అని నాకు కోపమొచ్చింది. అయ్యగారు మర్నాడు తువ్వాలు కట్టుకుని బయలుదేరారు. ఏం చెబితే మనిషి లేస్తాడో ఒక్కోసారి మొరటువాళ్లకే తెలుస్తుంది.

అయితే వాకిట్లో నిలబడి పేర్లు అడగడం వరకే. పేర్లు విని కాసేపు ఊరికే నిలబడి వచ్చేసేవారు. లోపలినుంచి జనమే ఆమెన్ అనేవాళ్లు.

ఒకరోజు అయ్యగారు మందు తీసుకెళ్లడానికి దవాఖానాకు వచ్చి వరండాలో బల్లమీద కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

“నోరు తెరిస్తే ఆమె పేరే వస్తది బిడ్డా” అన్నారు. “బాగు జెయ్యి అని అడగబోత. అడిగేటందుకు ఆమె లేకపాయె. ఇగ నేనేం అడగాలె?”

బైబిలు వచనాలు నాకు చాలానే వచ్చు. ఒక్కటీ చెప్పలేదు. ఆయన చేతిలోని సీసా తీసుకుని మూత బిగించి ఇచ్చాను. అప్పుడు చెప్పకుండా ఊరుకున్నందుకు ఈ రోజుకీ నాకు సంతోషమే.

కాన్పు

వానలు తగ్గాక లచ్చమ్మకు నొప్పులు వచ్చాయి. పోశమ్మ తెల్లవారుతూనే కబురు చేసింది. జబ్బులో చిక్కిపోయిన ఒళ్లు కదా, నాకు లోపల భయంగానే ఉంది. ఎండ ఎక్కేదాకా కష్టపడింది. ఇక బలం లేదని లచ్చమ్మ ఏడ్చింది. “నేను ఇక్కడే ఉన్నాను, ఇంకొక్కసారి” అంటూ వీపు నిమిరాను. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. నోరు తుడిచి, తలకిందులుగా పట్టి, అరికాళ్లు రుద్దాను. లచ్చమ్మ నా మొహమే చూస్తోంది. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి, చేతులు ఆగలేదు. ముందు చిన్న మూలుగు. ఆ తరవాత ఇల్లు దద్దరిల్లే ఏడుపు. లచ్చమ్మ నవ్వుతూ ఏడ్చింది. నేను బొడ్డు ముడివేసి కోశాను.

పోశమ్మ బయటికి పరుగెత్తింది. అయ్యగారు రోజూ లాగే తిరుగుతూ వచ్చి వాకిట్లో మల్లయ్య పక్కన నిలబడి ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. నాకు అంతా వినిపిస్తోంది.

“ఆడపిల్ల పుట్టిందయ్యా. ఒక మాట జెప్పు.”

“నాకు మాటలొస్తలెవ్వు పోశమ్మా. నీకు తెలుసు గద.”

“పెద్ద మాటలెవరు జెప్పమన్నరు? మార్తక్క నా కోడల్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ఆమె ఉంటే ఏమంటుండె, గది జెప్పు.”

నేను పిల్లను గుడ్డలో చుట్టి గుమ్మం దాకా తీసుకొచ్చాను. ఆయన ముఖానికి కట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నారు. పిల్ల ఎర్రగా కందిపోయి ఏడుస్తోంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డారు. మల్లయ్య తలపాగా తీసేశాడు. పోశమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఎదురుచూస్తోంది.

“తండ్రీ” అన్నారు అయ్యగారు చివరికి. “పిల్ల ఏడుస్తున్నది. ఇంటున్నవా?”

అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. ఆమెన్ ముందుగా అన్నది లోపల మంచం మీదున్న లచ్చమ్మ. ఆమెకు ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు. అయ్యగారికీ తెలుసు. ఆయన గడపమీద చెయ్యి ఆనించి, ఆ వాకిట్లోనే కూర్చుని, మార్తమ్మగారు పోయినప్పటినుంచీ ఏడవనిదంతా ఏడ్చారు. ఎవరూ ఆపలేదు.

నేను పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టి, బొడ్డు కోసిన కత్తెర మళ్లీ మరగబెట్టడానికి నీళ్లు పొయ్యిమీద పెట్టాను.